శాలువా కప్పే ముందు
(డాక్టర్ కాకర్ల సుబ్బారావు గారి స్మృతిలో, పూర్వవిద్యార్థుల సన్మాన సభలో చేసిన ఉపన్యాసం)



నేను విశాఖలోని ఈ ఆంధ్ర మెడికల్ కాలేజీ విద్యార్థిని కాను. వేరే చోట చదివి, వేరే ప్రభుత్వ ఆస్పత్రిలో పాఠాలు చెప్పి రిటైరైనవాణ్ణి. అయినా కాకర్ల సుబ్బారావు గారి పేరు మీద మాట్లాడమంటే రాకుండా ఉండలేకపోయాను. తెలుగు నేల మీద వైద్యం నేర్చుకున్న మా తరంలో ఆయనకు బాకీ లేనివాళ్లు తక్కువ.

మీ ఆహ్వానపత్రం చూశాను. సన్మానానికి రెండు అర్హతలు రాశారు: వృత్తిలో ప్రతిభ, సమాజానికి సేవ. పూర్వవిద్యార్థుల్ని గౌరవించే ఏ సభలోనైనా ఈ రెండు మాటలే వినిపిస్తాయి. సన్మానపత్రంలో మొదటి పేరా నిండా పదవులు, ఫెలోషిప్పులు, పరిశోధన పత్రాలు ఉంటాయి. రెండో పేరాలో ఉచిత శిబిరాలు, విరాళాలు, సొంతూళ్లో కట్టించిన బడి ఉంటాయి. మొదటి పేరా సంపాదించుకున్నది, రెండోది తిరిగి ఇచ్చినది అన్నట్టు రాస్తాం. పత్రం రాసేవాళ్ల వీలు కోసం పుట్టిన ఈ విభజన మెల్లగా మన ఆలోచనలోకి కూడా వచ్చేసింది. ముందు సంపాదించుకో, సేవ సంగతి తర్వాత చూసుకోవచ్చు అని పిల్లలకు చెప్పకనే చెబుతున్నాం. నాకు ఇందులో పెద్ద తప్పు కనిపిస్తోంది. సుబ్బారావు గారి జీవితం ముందు పెట్టుకుని చూస్తే ఆ తప్పు ఇంకా స్పష్టంగా తెలుస్తుంది.

ఆయన 1925 జనవరి 25న కృష్ణా జిల్లా పెదముత్తేవిలో రైతు కుటుంబంలో పుట్టారు. ఈ కాలేజీలోనే ఎంబీబీఎస్ చదివారు. 1950ల మొదట్లోనే అమెరికా వెళ్లి రేడియాలజీలో బోర్డు పరీక్ష నెగ్గారు. అప్పట్లో అక్కడే ఉండిపోతే ఎవరూ తప్పు పట్టేవాళ్లు కారు. 1956లో తిరిగొచ్చి ఉస్మానియా మెడికల్ కాలేజీలో చేరి, రేడియాలజీ శాఖను నిలబెట్టారు. 1970లో మళ్లీ అమెరికా వెళ్లారు. న్యూయార్క్‌లో ప్రొఫెసర్‌గా పనిచేశారు. అక్కడి తెలుగువాళ్లు ఉత్తర అమెరికా తెలుగు సంఘం (తానా) పెట్టుకున్నప్పుడు దానికి తొలి అధ్యక్షుడయ్యారు. 1986లో, అరవై దాటిన వయసులో, అప్పటి ముఖ్యమంత్రి ఎన్.టి. రామారావు గారు పిలిస్తే నిజాం వైద్య విజ్ఞాన సంస్థ (నిమ్స్) డైరెక్టర్‌గా వచ్చారు. హైదరాబాదు పంజాగుట్టలో అంతకుముందు నిజాం ట్రస్టు కట్టించిన ఎముకల ఆస్పత్రి ఉండేది. అది సూపర్ స్పెషాలిటీల సంస్థగా ఎదిగింది ఆయన హయాంలోనే. 1989లో ప్రత్యేక చట్టంతో దానికి విశ్వవిద్యాలయ హోదా వచ్చింది. 2000లో ఆయనకు పద్మశ్రీ ఇచ్చారు. క్రెస్ట్ అనే ట్రస్టు కూడా పెట్టి రేడియాలజీ పీజీ విద్యార్థులకు శిక్షణ ఏర్పాటు చేశారు. 2021 ఏప్రిల్ 16న, 96 ఏళ్ల వయసులో కన్నుమూశారు.

ఇప్పుడు చెప్పండి, ఇందులో ఏది వృత్తి, ఏది సేవ? నిమ్స్‌ను మొదటి పేరాలో రాస్తారా, రెండో పేరాలోనా? ఉస్మానియాలో చెప్పిన పాఠాలు ఉద్యోగమా, సేవా? రేడియాలజిస్టు పని తీరే వేరు. రోగి అతని ముఖం చూడడు. చీకటి గదిలో లైటు పెట్టె ముందు కూర్చుని నాలుగు వాక్యాల రిపోర్టు రాస్తే, దాన్ని బట్టి వేరే డాక్టరు కత్తి పట్టుకుంటాడు. ఆ రోగి బతికి ఇంటికి వెళ్లాక ఆపరేషన్ చేసిన డాక్టరుగారి ఫొటోకు దండం పెట్టుకుంటాడేమో గానీ, ఫిల్ము చదివినాయన పేరు కూడా తెలీదు. అలాంటి శాఖలో తరాల తరబడి మనుషుల్ని తయారుచేసినాయనకు సేవ అని వేరే పేరా ఎందుకు?

ఆ శాఖలో కొత్తగా చేరిన పీజీలకు ఒక క్రమం నేర్పుతారు. ఫిల్ము చేతికి రాగానే ముందు పేరు, తేదీ, కుడి ఎడమల గుర్తు చూడాలి. తర్వాత అంచులు, మూలలు, చుట్టూ ఉన్న మెత్తటి భాగాలు. కొట్టొచ్చినట్టు కనిపించే మచ్చ దగ్గరికి చివర్లో రావాలి. ముందే దాని మీద కన్ను పడితే అక్కడే ఆగిపోతాం, మూలలో ఉన్న అసలు జబ్బు తప్పిపోతుంది. పూర్వవిద్యార్థి బయోడేటా చదవడానికీ ఇదే క్రమం పనికొస్తుంది. పెద్ద పదవి దగ్గర కన్ను ఆగిపోకుండా అంచులు చూడాలి: ఎవరి దగ్గర నేర్చుకున్నారు, ఎవరికి నేర్పారు, ఎవరి మీద నేర్చుకున్నారు.

ఆ మూడో ప్రశ్న దగ్గర కాసేపు ఆగుతాను. ప్రభుత్వ కాలేజీలో చదివిన మనందరికీ వర్తించే బాకీ అక్కడుంది.

మేం ప్లీహం పరీక్ష నేర్పే పద్ధతి చెబుతాను. ఇక్కడున్న హౌస్‌సర్జన్లకు తెలిసిందే, సన్మానం అందుకుంటున్నవాళ్ల ఇంటివాళ్ల కోసం చెబుతున్నా. మన్యం నుంచి వచ్చిన మనిషి, మళ్లీ మళ్లీ మలేరియా వచ్చి ప్లీహం పెరిగి ఉంటుంది. మంచం మీద వెల్లకిలా పడుకోబెట్టి, మోకాళ్లు కొంచెం మడిపిస్తాం. విద్యార్థి కుడి చేతిని పొత్తికడుపు కుడి వైపు ఆనించి, ఎడమ పక్కటెముకల దిశగా మెల్లగా జరుపుతూ పోవాలి. రోగి గట్టిగా ఊపిరి పీల్చినప్పుడల్లా ప్లీహం కొస కిందికి దిగి వేళ్లకు తగులుతుంది. తగిలిందా? తగల్లేదు సార్. మళ్లీ. బ్యాచ్‌లో పదిమంది ఉంటే ఆ మనిషి పదిసార్లు ఊపిరి పీల్చి వదులుతాడు. పెరిగిన ప్లీహాన్ని గట్టిగా నొక్కితే చిట్లిపోయే ప్రమాదం ఉంది కాబట్టి మేం పక్కనే నిలబడి చూసుకుంటూ ఉంటాం. ఆ మనిషి మాత్రం 'నొప్పెడతంది డాట్రు బాబూ' అని ఒక్కసారి అని, మళ్లీ ఊపిరి పీలుస్తాడు. వద్దనడు. వద్దంటే మందు ఇవ్వరేమో అన్న భయం కొంత ఉండొచ్చు. ఈ పిల్లలు నేర్చుకోవాలి కదా అన్న పెద్దమనసు కూడా ఉంటుంది. అది నేను చూశాను.

ఆ పదిమందిలో ఒకరు తర్వాత హ్యూస్టన్‌లో కార్డియాలజిస్టు అవుతారు, ఒకరు లండన్‌లో కన్సల్టెంటు అవుతారు, ఒకరు హైదరాబాదులో కార్పొరేట్ ఆస్పత్రి పెడతారు. వాళ్ల వేళ్లకు ఆ మొదటి స్పర్శజ్ఞానం ఇచ్చింది ఆ మంచం మీది మనిషి. ఫీజు రాయితీని ప్రభుత్వం ఇచ్చిందనుకుందాం, పన్నులు కట్టేవాళ్లు ఇచ్చారనుకుందాం. దానికో లెక్క ఉంటుంది. ఒంటిని అప్పగించినవాడి బాకీకి లెక్క ఎక్కడ రాస్తాం? మీ కింగ్ జార్జ్ ఆస్పత్రి (కేజీహెచ్) వందేళ్లు దాటినది. కాలేజీ, ఆస్పత్రి రెండూ 1923లో మొదలయ్యాయి. కాలేజీ విజాగపటం మెడికల్ కాలేజీగా పుట్టి 1940లో ఆంధ్ర మెడికల్ కాలేజీ అయింది. శ్రీకాకుళం నుంచి, విజయనగరం నుంచి, పాడేరు కొండల నుంచి, సరిహద్దు దాటి ఒడిశా నుంచి వచ్చినవాళ్లు ఈ వార్డుల్లో పడుకుని మీ సంస్థకు ఈ పేరు తెచ్చిపెట్టారు. పూర్వవిద్యార్థుల జాబితాలో వాళ్లుండరు, కానీ మీ పాఠ్యపుస్తకం వాళ్లే.

ఈ బాకీని తమ పనితోనే తీర్చినవాళ్లు మనలో ఉన్నారు. ఇక్కడి నుంచే ఒకరిని చెబుతాను. సుంకర వెంకట ఆదినారాయణరావు గారు. ఈ కాలేజీలో చదివి, ఇక్కడే ఎముకల శస్త్రచికిత్స చేసిన డాక్టరు. 2022లో పద్మశ్రీ వచ్చింది. ఆయన ఎంచుకున్నది పోలియో పిల్లలను. ఇవాళ్టి హౌస్‌సర్జన్లు కొత్త పోలియో కేసును చూసి ఉండరు. మన దేశంలో వైల్డ్ పోలియో వైరస్ చివరి కేసు 2011 జనవరి 13న పశ్చిమ బెంగాల్‌లోని హౌరాలో నమోదైంది, 2014 మార్చి 27న దేశాన్ని పోలియో లేని దేశంగా ప్రకటించారు. చుక్కల మందు వల్ల కొత్త కేసులు ఆగాయి. కానీ అప్పటికే కాళ్లు చచ్చుబడిపోయిన పిల్లలు లక్షల్లో మిగిలారు. మోకాలు మడతపడి బిగుసుకుపోతుంది, తుంటి పక్కకు లాగేస్తుంది. ఆ పిల్ల అరచేతుల మీద, పిరుదుల మీద నేలన పాకుతుంది. బిగుసుకున్న కండరాల కొసలను కోసి వదులు చేసి, కాలు చాపి పిండికట్టు వేస్తారు. కట్టు విప్పాక క్యాలిపర్ తొడిగి, కర్ర చేతికిచ్చి నిలబెడతారు. కాలికి పూర్వపు బలం రాదు. కానీ నేల మీద నుంచి లేచి, ఎదుటి మనిషి కళ్లలోకి సూటిగా చూసి మాట్లాడే ఎత్తుకు వస్తుంది.

వైద్య పరిభాషలో చూస్తే ఇది అద్భుతమైన ఆపరేషనేమీ కాదు. అంతర్జాతీయ పత్రికలు దీన్ని ముఖచిత్రంగా వేయవు. పైగా ఈ రోగులు డబ్బు ఇవ్వలేరు. ఆదినారాయణరావు గారు రాష్ట్రం లోపలా బయటా శిబిరాలు పెట్టి ఈ ఆపరేషన్లు ఉచితంగా చేశారు. ఆయన సన్మానపత్రాన్ని రెండు పేరాలుగా రాయడానికి ఎవరైనా కూర్చుంటే కలం ఆగిపోతుంది. ఆయన సేవ ఆయన కత్తిలోనే ఉంది.

గుంటూరు మెడికల్ కాలేజీలో చదివిన గుళ్లపల్లి నాగేశ్వరరావు గారిది ఇంకో దారి. ఢిల్లీ ఎయిమ్స్‌లో కంటివైద్యం చదివి, అమెరికాలో బోస్టన్, రోచెస్టర్‌లలో కార్నియా మీద పనిచేసి, స్వదేశానికి వచ్చేశారు. సినిమా నిర్మాత ఎల్.వి. ప్రసాద్ గారు స్థలం, ధనం ఇచ్చారు. 1987లో హైదరాబాదులో ఎల్వీ ప్రసాద్ కంటి ఆస్పత్రి మొదలైంది. అక్కడితో ఆగితే అది మంచి ఆస్పత్రి అని చెప్పి ఊరుకునేవాళ్లం. నాకు గొప్పగా అనిపించేది ఆయన వేసిన లెక్క. 50 వేల మందికి ఒక విజన్ సెంటర్. 5 లక్షల మందికి శుక్లాల ఆపరేషన్ చేయగల ఒక చిన్న ఆస్పత్రి. 50 లక్షల మందికి ఒక పెద్ద ఆస్పత్రి. 5 కోట్ల మందికి అన్నిటికీ పైన ఒక కేంద్రం. అడుగున ఉన్న విజన్ సెంటర్‌లో డాక్టరు ఉండడు. ఆ ప్రాంతంలోనే పుట్టి పెరిగిన యువతీయువకులకు శిక్షణ ఇచ్చి కూర్చోబెడతారు. కళ్లజోడుతో సరిపోయే చూపును అక్కడే సరిచేస్తారు, సరిపోనివాళ్లను పై మెట్టుకు పంపుతారు. డబ్బు ఇవ్వలేనివాడికి ఉచితం, ఇచ్చేవాడి దగ్గర తీసుకుంటారు. ఇద్దరికీ వైద్యంలో తేడా ఉండదు. ఆదిలాబాదు వైపు ముధోల్ లాంటి చోట్లకు ఈ వైద్యం వెళ్లింది. గొప్ప సర్జన్ ఒక్కడే రోజుకు ఎన్ని కళ్లు చూడగలడు? తాను లేని చోట కూడా పని నడిచే ఏర్పాటు చేయడం దానికన్నా పెద్ద పని. దానికి దయ ఒక్కటే చాలదు. లెక్క కావాలి, ఓపిక కావాలి, జీతాల పట్టిక కావాలి.

ఇక్కడ ఒక సందేహం రావచ్చు. డాక్టరు పనిలో సేవ సహజంగానే ఉంటుంది, మరి గణితం చదివినవాడి సంగతేమిటి? రోగిని ముట్టనివాడు సమాజానికి ఏం చేసినట్టు? సమాధానం మీ పక్క ప్రాంగణంలోనే ఉంది. 1926లో బెజవాడలో పుట్టి, 1930లో వాల్తేరుకు వచ్చిన ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో 1940లో గణితం ఎం.ఏ. చేసిన కల్యంపూడి రాధాకృష్ణారావు గారు. లోకానికి సి.ఆర్. రావు. ఈ నేల మీద ఆరోగ్య విశ్వవిద్యాలయం 1986లో వచ్చేదాకా ఈ కాలేజీకి పట్టాలిచ్చింది కూడా ఆంధ్ర విశ్వవిద్యాలయమే కాబట్టి, సుబ్బారావు గారూ ఆయనా ఒకే విశ్వవిద్యాలయపు పూర్వవిద్యార్థులు. ఈ సంగతి మనం తరచూ మర్చిపోతాం.

రావు గారు చదువు ముగించేసరికి యుద్ధకాలం. ఉద్యోగం వెతుక్కుంటూ కలకత్తా వెళ్లి, అక్కడి భారతీయ గణాంక సంస్థను చూసి, 1941లో అందులో చేరారు. 1945లో, పాతికేళ్లు నిండీ నిండని వయసులో రాసిన ఒక్క పత్రంతో ఆయన పేరు గణాంకశాస్త్ర పుస్తకాల్లో శాశ్వతంగా నిలిచింది. క్రామర్-రావు పరిమితి, రావు-బ్లాక్‌వెల్ సిద్ధాంతం రెండూ దాంట్లోవే. మందు పనిచేస్తోందా లేదా అని తేల్చే ఏ ప్రయోగంలోనైనా, మన ఆస్పత్రుల్లో వాడే ఏ కొత్త మందు వెనకైనా, ఆ శాస్త్రం పని చేస్తూనే ఉంటుంది. ఆ సంస్థలో ఆయన సుమారు 40 ఏళ్లు ఉండి పాఠం చెప్పారు. ఆయన దగ్గర పీహెచ్‌డీ చేసిన శ్రీనివాస వరదన్‌కు 2007లో ఆబెల్ బహుమతి వచ్చింది. రావు గారికి మాత్రం అంతర్జాతీయ గణాంక బహుమతి 2023లో, 102 ఏళ్ల వయసులో వచ్చింది. ఆ ఆగస్టులోనే కన్నుమూశారు. తన పుస్తకం ఒకటి తల్లికి అంకితమిస్తూ, చిన్నప్పుడు రోజూ తెల్లవారుజామున నాలుగింటికి లేపి, నూనెదీపం వెలిగించి చదువుకోమనేదని రాసుకున్నారు. రావు గారు ఉచిత శిబిరం పెట్టలేదు. ఆయనది సేవ కాదని మాత్రం ఎవరూ అనలేరు. సేవ అనే మాటను మనం దానధర్మాలకు కుదించేశాం, అందుకే ఇలాంటి వాళ్లు మన రెండో పేరాలో ఇమడరు.

దానం మాట వచ్చింది కాబట్టి ప్రవాస మిత్రులకు ఒక మాట. మీరు ఇచ్చింది చిన్నదేం కాదు. గుంటూరు మెడికల్ కాలేజీ పూర్వవిద్యార్థులు అమెరికాలో జింకానా అని సంఘం పెట్టుకుని, గుంటూరు పెద్దాస్పత్రికి మిలీనియం బ్లాక్ సమకూర్చడంలో, మాతాశిశు విభాగపు భవనానికి పూనుకోవడంలో ముందు నిలిచారు. కాన్పు నొప్పులతో వచ్చిన తల్లికి మంచం దొరకడం కన్నా పెద్ద సన్మానం ఏముంటుంది? అయినా అనుభవం మీద చెబుతున్నాను, అందరూ అలా కనుక్కుని ఇవ్వరు. నేను పనిచేసిన ఒక ఆస్పత్రికి ఖరీదైన యంత్రం వచ్చింది. రిబ్బను కత్తిరించారు, ఫొటోలు దిగారు. వారంటీ ముగిశాక మెయింటెనెన్స్ ఒప్పందానికి డబ్బు ఎవరు కట్టాలో తేలలేదు. ఒక చిన్న భాగం పోయింది. యంత్రం మీద గుడ్డ కప్పారు. ఆ గుడ్డ నేను రిటైరయ్యేదాకా తీయలేదు. అదే వార్డులో సక్షన్ గొట్టాలు చాలక సిస్టర్లు అవస్థ పడేవాళ్లు. ఇచ్చేముందు డ్యూటీలో ఉన్న హెడ్ సిస్టర్‌ని ఒక్కమాట అడగండి: అమ్మా, ఇక్కడ ఏం కావాలి? ఆవిడ చెప్పేది మీ ఊహకు అందనిది అయ్యుంటుంది, ఖర్చు కూడా తక్కువే అవుతుంది. పదేళ్ల మెయింటెనెన్స్‌కు డబ్బు కట్టినవాడి పేరు రాయిలో చెక్కరు. అయినా నా లెక్కలో పెద్ద దాత అతనే.

ఇక ఈ వేదికల మీద ఎప్పుడూ కనిపించనివాళ్ల గురించి చెప్పి ముగిస్తాను. ప్రతి బ్యాచ్‌లో ఒకరిద్దరు ఉంటారు. పీజీ సీటు రాకనో, ఇంటి పరిస్థితి వల్లనో, ఇష్టపడో ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో చేరతారు. చింతపల్లి వైపో, సీలేరు వైపో, శ్రీకాకుళం ఉద్దానంలోనో. వానాకాలంలో గెడ్డ పొంగితే అంబులెన్స్ రాదు, డోలీ మీద తెచ్చిన బాలింతను ఉన్న సరంజామాతోనే చూసుకోవాలి. ఉద్దానంలో ఏ ఊరికెళ్లినా మూత్రపిండాల జబ్బుతో డయాలసిస్ కోసం తిరిగేవాళ్లు కనిపిస్తారు. అక్కడి డాక్టరు చేతిలో ఉన్నది రక్తపోటు చూసే యంత్రం, రక్తపరీక్ష చీటీ, ఓపిక. వాళ్లకు పరిశోధన పత్రాలుండవు. ఇరవై ఏళ్లలో ఆ మండలంలో ఎంతమంది తల్లులు క్షేమంగా ఇంటికెళ్లారో లెక్క రాసినవాళ్లుండరు. బ్యాచ్ వాట్సాప్ గ్రూపులో కూడా వాళ్లు మాట్లాడరు. రీయూనియన్‌కు రారు, వచ్చినా వెనక కూర్చుంటారు. మన కొలబద్ద ప్రకారం వాళ్లకు మొదటి పేరా లేదు, అందుకే రెండో పేరా ఎవరూ రాయలేదు.

సన్మానాలకు మనం పేర్లు ఆహ్వానించే పద్ధతి కూడా వాళ్లకు అడ్డమే. స్నేహితులు స్నేహితుల్ని ప్రతిపాదిస్తారు, దరఖాస్తుకు ఫొటోలు, పత్రికల కత్తిరింపులు జతచేయమంటారు. పత్రికలవాళ్లు వెళ్లని ఊళ్లో పనిచేసినవాడు ఏం జతచేస్తాడు?

కాబట్టి ఈ సంఘం పెద్దలకు నా విన్నపం. వచ్చే ఏడాది నుంచి ఇచ్చే పురస్కారాల్లో ఒకటి, ప్రభుత్వ ఆరోగ్య కేంద్రంలో పదిహేనేళ్లకు తక్కువ కాకుండా పనిచేసిన పూర్వవిద్యార్థికి కేటాయించండి. ఆ పేరు డాక్టర్లు ప్రతిపాదించొద్దు. ఆ కేంద్రంలోని స్టాఫ్ నర్సు, ఏఎన్ఎమ్, ఆశా కార్యకర్త, ఊరివాళ్లు రాసిన చీటీల మీద ఎంపిక చేయండి. చీటీ తెలుగులో చేతిరాతతో ఉంటే చాలు. ఎంపికైనవాళ్లు విశాఖకు రావడానికి, వాళ్లు వచ్చిన రెండు రోజులు అక్కడ డ్యూటీ చూసుకోవడానికి ఇంకొకర్ని పంపే ఖర్చు సంఘమే భరించాలి. వాళ్లను వేదిక మీద కూర్చోబెట్టి పంపేయకుండా, మర్నాడు ఉదయం ఈ హౌస్‌సర్జన్లకు ఒక గంట పాఠం చెప్పించండి. ఇవాళ సన్మానం అందుకుంటున్న మిత్రులు ఎవరైనా దీనికి నిధి పెట్టదలిస్తే, సభ అయ్యాక కార్యదర్శి గారిని కలిసి మీ పేరు రాయించండి. మొదటి పేరుగా నాది ఇప్పుడే రాయించాను.